మామ ఫోన్లో రాసే మనిషి

మా మామ లక్ష్మీనారాయణకు ఫోన్లో పచ్చ బటను, ఎర్ర బటను నొక్కడం తప్ప ఇంకేమీ రాదు. అయినా ఆళ్లగడ్డ పక్కనున్న మా ఊరి వాట్సాప్ గ్రూపుకు ఆయనొక్కడే అడ్మిన్. కాలవ నీళ్ల వంతులకూ కూలి పనుల కబుర్లకూ గ్రూపు పెట్టినప్పుడు, పెద్దమనిషి ఉండగా ఇంకొకరి పేరేందని అందరూ ఆయన పేరే పెట్టించారు, పెళ్లిపత్రికలో పైన వేసినట్టు. ఆయన నోటితో చెప్తాడు, నేను టైపు చేస్తాను. కోడలిని కదా, జీతం లేని గుమస్తాను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఒక పోలీసాయన ఊళ్లోకొచ్చి, అబద్ధపు వార్తలు తిరగకుండా ఎన్నికలయ్యేదాకా గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ ఏమీ పెట్టే వీలు లేకుండా చేయమని చెప్పిపోయాడు. మామ చెప్తే ఆ తాళం వేసింది నేనే.

పోలింగు ముందురోజు సాయంత్రం మామ ఫోను నా మరిది మహేష్ చేతిలో కనబడింది. ఏదో చూసుకుంటున్నాడులే అనుకున్నాను. మర్నాడు పోలింగు ముగిశాక గానీ గ్రూపు తెరవలేదు. అందులో ఇట్లా ఉంది: "కాలనీ వాళ్ల ఓట్లు ఎల్లుండికి మారినాయి. రేపు ఎవరూ రావొద్దు. లక్ష్మీనారాయణ."

మిరప కోతలకు ఆడవాళ్లను తీసుకుపోయే కృపావతిది ఆ కాలనీనే. మామ మాటంటే ఆమెకు గురి. ముప్పై ఇద్దరిని వెంటేసుకుని పొద్దున్నే సంజామల వైపు కోతకు పోయింది. మహేష్ స్నేహితుడు పద్దెనిమిది ఓట్ల తేడాతో సర్పంచ్ అయ్యాడు. కృపావతి నంద్యాలకు పోయి కేసు పెట్టింది.

"నువ్వేనా?" అని మహేష్‌ని నిలదీశాను.

"తమాషాకు పెట్టినా వదినా. నమ్ముతారనుకోలేదు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

వాడికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ట్రైనింగు. కేసైతే అది గోవిందా. అందుకని మా అత్త జయలక్ష్మమ్మ నా గడ్డం పట్టుకుంది.

"నేనే పొరపాటున పెట్టినానని చెప్పు సుష్మా. ఆడదానివి, రెండు మాటలని పంపిస్తారు. వాని బతుకు పోతాది."

"మరి నా బతుకు?"

"నీకేం ఉద్యోగముందని పోతాది?" అంది. నా మొగుడు శ్రీకాంత్ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బయటికి పోయాడు.

మామ మీదే ఆశ పెట్టుకున్నాను. ఊళ్లో గట్టు తగాదాలు ఆయన నోటిమాట మీదే తెగుతాయి. ఆయన అబద్ధమాడగా నేను వినలేదు.

నంద్యాలలో అధికారి ముందు మేం నలుగురం నిలబడ్డాం: మామ, శ్రీకాంత్, మహేష్, నేను. కృపావతి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

"మెసేజ్ మీ ఫోన్లోంచే పోయింది. ఎవరు పెట్టారు పెద్దాయనా?" అన్నాడు అధికారి.

మామ మహేష్‌ వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు.

"నాకు చదువు రాదు సార్. నా ఫోన్లో రాసేది మా కోడలే."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మూడేళ్లు ఆయన చెప్పిందల్లా రాసిపెట్టాను. ఆయన మీద కోపం కాదు, అసహ్యం వేసింది.

"ఏమ్మా, నువ్వేనా?" అన్నాడు అధికారి నాతో.

కృపావతి లేచి నా దగ్గరికొచ్చింది. "నువ్వేనామ్మా? మేమేం చేసినాం నీకు?"

ఔనంటే ఆమె ముఖం మళ్లీ చూడలేను. కాదంటే ఆ ఇంట్లో అన్నం తినలేను. శ్రీకాంత్ కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"గ్రూపులో రాసేది నేనే సార్. అది మాత్రం మహేష్ పెట్టినాడు," అన్నాను.

నా మాటలు కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నారు. మహేష్‌ని లోపల ఉంచుకున్నారు. మామ నన్ను దాటుకుని, నేను లేనట్టే ఆటో ఎక్కాడు.

శ్రీకాంత్ నన్ను బస్టాండుకు నడిపించుకుపోయి, ఆత్మకూరు బస్సు ముందర నిలబెట్టాడు. ఆత్మకూరులో మా అమ్మ ఉంది.

"కొన్నాళ్లు ఆడుండు. నేను పిలిచినప్పుడు వద్దువు."

"ఎప్పుడు పిలుస్తావు?"

"మహేష్‌కి మళ్లీ ఉద్యోగం వచ్చినాక," అన్నాడు.