పురిటిగదిలో పసుపు వెలుగు

నేను ఒక బల్బును. ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే పాతకాలపు గాజు బుడ్డిని కాను, తొమ్మిది వాట్ల ఎల్ఈడీని. నన్ను ఎవరూ పనిగట్టుకుని చూడరు. నా వెలుగులో మిగతావన్నీ చూస్తారు. చూసి, తాము చూసిందంతా నిజమనుకుంటారు. అక్కడే వస్తుంది తంటా.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ఒక రేకుల షెడ్డులో వరసగా కూర్చున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. ఒకమ్మాయి పలక అమర్చింది, ఇంకో అమ్మాయి తీగలు అతికింది, మూడో అమ్మాయి తెల్లగుండు తొడిగి, ఒకసారి వెలిగించి చూసి అట్టపెట్టెలో పెట్టింది. నా కడుపులో అసలు పుట్టేది నీలి వెలుగు. దాని మీద పసుపు మందు పూస్తారు. పూత తీరును బట్టి ఒకరు తెల్లగా వెలుగుతారు, ఒకరు పచ్చగా వెలుగుతారు. నాకు దండిగా పూసి, పెట్టె మీద 2700 కెల్విన్ అని అచ్చు వేశారు. నా తోబుట్టువుల్లో కొందరికి 4000, కొందరికి 6500 వచ్చింది. అందరం ఒకే వాటేజీ, ఒకే ధర, బుద్ధులే వేరు.

తెనాలిలో ఒక ఎలక్ట్రికల్ షాపుకు చేరాను. అక్కడ సేల్స్ చూసే మోహనాచారి మాలో ముగ్గుర్ని ఒక చెక్కకు బిగించి కౌంటరు మీద నిలబెట్టాడు. ఎడమ పక్క నేను, మధ్యలో నాలుగువేలవాడు, కుడి పక్క ఆరున్నరవేలవాడు. అంకె దగ్గరే మనుషులు బోల్తా కొడతారు. వచ్చిన వాళ్ళలో సగం మంది, అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువనుకుని, పెద్ద నెంబరుదే ఇమ్మనేవాళ్ళు. అప్పుడు మోహనాచారి ఓపిగ్గా తన తండ్రి కొలిమి కథ ఎత్తుకునేవాడు. ఇనుము కాలేటప్పుడు ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పచ్చబడుతుంది, ఇంకా ఇంకా కాలితే తెల్లబడుతుంది. ఈ నెంబరు ఆ వేడిది, అంతే, వెలుగు ఎంతన్నది వేరే లెక్క అనేవాడు. అలా చూస్తే కొలిమి లెక్కలో నేనే చల్లటివాణ్ణి. మనుషులు మాత్రం నన్ను వెచ్చటి వెలుగంటారు, పాపం ఆ తెల్లవాణ్ణి చల్లటివాడంటారు. పెట్టిన పేరు పడాల్సిందే, మనం ఏమంటాం?

తరవాత ఏ గదికి ఏది అన్నది చెప్పేవాడు. పడగ్గదికి పసుపు, చదువుకునే బల్లకీ వంటగట్టుకీ తెలుపు, హాలుకి మధ్యరకం. బట్టల బీరువా దగ్గర పసుపు పెట్టుకుంటే నీలం చీరకి నల్ల జాకెట్టు వేసుకుని పెళ్ళికి వెళతారమ్మా అని నవ్వించేవాడు. ఎవరు వచ్చినా ఒకే మాట చెప్పేవాడు: మూడింటి కిందా చెయ్యి పెట్టి చూసుకోండి అని. నా కింద చెయ్యి పెట్టిన ఆడవాళ్ళు తమ చేతిని చూసి తామే ముచ్చటపడేవాళ్ళు. ఒకావిడ నాలుగు బల్బులు ఎక్కువే కొనుక్కుపోయింది. నేను అబద్ధం ఆడను. ఉన్నదానికి కాస్త బంగారుపూత పూస్తాను. దానికే జనం పడిపోతారు.

మోహనాచారి భార్య సుభాషిణి తొలికాన్పుకు పుట్టింటికి రేపల్లె వెళ్ళింది. నొప్పులొస్తే తెనాలి ఆసుపత్రికి తెచ్చారు, ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు తల్లినీ పిల్లనీ రేపల్లె తీసుకువెళ్ళాలి. అక్కడ పురిటిగదిలో ఉన్న ట్యూబ్‌లైటు పసిపిల్ల కళ్ళలో గుచ్చుకుంటుందని మోహనాచారి బెంగ. షాపులో పెట్టెలకు పెట్టెలు కొత్త బల్బులుండగా, చెక్క మీద నుంచి నన్ను ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఏడాదిగా రోజూ చూస్తున్నాడు గదా, మనసు పడ్డాడు. నేనూ పొంగిపోయాను.

అతని మామగారు గురవాచారి బంగారు పని చేస్తాడు. ఆ ఇంటి ముందుగదే ఆయన పనిగది. తూర్పున పెద్ద కిటికీ, దాని కింద పీట, గోడకు కామాక్షమ్మ పటం, పీట పక్కన గీటురాయి. పొద్దుగూకిన తరవాత ఎవరైనా బంగారం తెచ్చి ఎంత మేలిమో చూడమంటే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, పొద్దున్నే రమ్మని పంపించేస్తాడు. నలభై ఏళ్ళుగా ఆయన గీటురాయి మీద గీటును దీపం వెలుగులో చూసి ఎరగడు. ఆ పనిగదికి ఆనుకునే పురిటిగది. ఈ సంగతులన్నీ నేను అక్కడ వేలాడుతూ విన్నవే.

పురిటిగదికి ఒకే కిటికీ. బయట ముసురు పట్టి నాలుగు రోజులైంది. బాలింతకు గాలి సోకకూడదని సుభాషిణి తల్లి తులశమ్మ కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. ఇక ఆ గదికి పగలూ రాత్రీ నేనే దిక్కు. పసుపులో ముంచి ఆరేసిన మెత్తటి పాతచీర ముక్క మీద పిల్లను పడుకోబెట్టారు. నేను నా శక్తి కొద్దీ వెలిగాను.

పిల్లను చూసి తులశమ్మ కళ్ళు చెమర్చాయి. సుభాషిణిది చామనఛాయ, అల్లుడు ఇంకా నలుపు. పిల్ల ఎలా పుడుతుందోనని తొమ్మిది నెలలూ కుంకుమపువ్వు పాలు పట్టించిన మనిషి. ఇప్పుడు పిల్ల బంగారు ముద్దలా మెరిసిపోతోంది. మా అమ్మ పోలికే వచ్చిందని పొంగిపోయింది. పక్కింటి వరదమ్మ మైల అంటకుండా గడప అవతలే నిలబడి తొంగిచూసి, నీ పంట పండింది వదినా అంది. గురవాచారి కూడా గడప బయటి నుంచే చూసి, మేలిమి బంగారమే అన్నాడు. ఆసుపత్రిలో నర్సు, రెండు రోజులాగి ఒకసారి తెచ్చి చూపించమని చెప్పి పంపింది. ఇంత బంగారంలాంటి పిల్లను ఈ వానలో ఎందుకు తిప్పడం, పురుడు తీరాక చూద్దాం లెమ్మంది తులశమ్మ. ఈ మెప్పులన్నీ నాకే వస్తున్నాయనుకుని నేను మురిసిపోయాను. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఐదో రోజుకు పిల్ల ఏడవడం మానేసింది. పాలకు లేపితే రెండు గుక్కలు తాగి మళ్ళీ నిద్రలోకి జారిపోయేది. ఎంత బుద్ధిమంతురాలో అని తులశమ్మ మెచ్చుకుంది. సుభాషిణికి మాత్రం మనసులో మనసు లేదు. పిల్ల అరికాలు గిల్లి చూసింది, తడిబట్టతో మొహం తుడిచింది. పిల్ల కాస్త మెదిలి ఊరుకుంది. తల్లితో చెబితే, తొలిచూలు భయం, అందరికీ ఉండేదేనంది. మొగుడికి ఫోను చేస్తే, ఆ లైటుకి హాయిగా నిద్రపోతోంది, నిద్రపోనీ అన్నాడతను.

ఆ మధ్యాహ్నం తులశమ్మ వంటింట్లో ఉండగా సుభాషిణి పిల్ల కంటిరెప్పను వేలితో మెల్లగా పైకెత్తింది. నా వెలుగులో కంటి తెల్లగుడ్డూ పసుపే, గోడా పసుపే, తన చేతిగోళ్ళూ పసుపే. దేన్ని పట్టుకుని తేడా చూస్తుంది? తలెత్తి నా వంక చూసింది. ఆ ఇంట్లో నన్ను అనుమానంగా చూసిన మొదటి మనిషి ఆమే. లేచి స్విచ్చి ఆపింది. గదంతా చీకటి. మళ్ళీ వేసింది. కిటికీ సందుల్లోంచి గుడ్డలు లాగబోతే, అలికిడికి వచ్చిన తులశమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, పచ్చి బాలింతవు, సన్నిపాతం కమ్ముతుంది, నీకేమైనా మతి పోయిందా అని మంచం మీద కూర్చోబెట్టింది.

సరిగ్గా అప్పుడే గురవాచారి దారప్పోగు పట్టుకుని గడప దగ్గరకు వచ్చాడు. బారసాలకు మనవరాలికి వెండి కడియాలు చేయాలి, కాలి కొలత తీసివ్వమని భార్యకు దారం అందించాడు. తులశమ్మ వంగి పిల్ల కాలు పట్టుకుంది.

"నాన్నా," అంది సుభాషిణి. "ఈ లైటు కింద నువ్వు గీటు చూస్తావా?"

ఆయన ఆ మాటకు నవ్వబోయాడు. కూతురి మొహం చూసి ఊరుకున్నాడు. "చూడనమ్మా."

"మరి నా బిడ్డని చూసి బంగారం అన్నావే. దాన్ని నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడు నాన్నా. ఒక్కసారి చూడు. నీ కళ్ళకి ఏమీ కనపడకపోతే నేనింక నోరెత్తను."

తులశమ్మ అడ్డం వచ్చింది. పదకొండో రోజు వెళ్ళలేదు, పురుడు తీరలేదు, అమ్మవారి పటం ఉన్న గదిలోకి పిల్లను ఎలా తీసుకెళతారంది. గురవాచారి వెళ్ళి, గోడ మీది పటం దింపి లోపలి గదిలో పెట్టి వచ్చాడు. గడప దాటి పురిటిగదిలోకి అడుగుపెట్టాడు.

"మైలయితే కడుక్కుందాం తులశీ. పిల్లనిటివ్వు."

తెరిచిన తలుపులోంచి నాకు ఆ కిటికీ సగం కనిపించేది. వాన తెరిపిచ్చింది. మబ్బు వెలుతురు, ఏ రంగూ కలవని తెల్లటి వెలుతురు, పీట మీద పడుతోంది. ఆయన తన పీట మీద కూర్చుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని, పసుపుగుడ్డ తీసేసి తన తెల్ల కండువా పరిచాడు. బొటనవేలితో పిల్ల నుదురు నొక్కి వదిలాడు. రొమ్ము మీద నొక్కాడు, పొట్ట మీద నొక్కాడు. చివరికి అరికాలు నొక్కి, కిటికీ వైపు తిప్పి చూశాడు. నొక్కిన చోటల్లా పసుపు తేలింది. జీవితమంతా పసుపులో తేడాలు చూసి బతికిన మనిషికి రెండోసారి చూడనక్కర్లేకపోయింది.

"ఆటోని పిలవండి," అన్నాడు.

ఇల్లు ఖాళీ అయింది. ఆ కంగారులో నన్ను ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఖాళీ మంచం మీద, ఆ పసుపుగుడ్డ మీద నేను వెలుగుతూ ఉన్నాను. ఒక బల్బుకు తానే ఆరిపోయే వీలుంటే ఆ రోజు నేను ఆరిపోయేవాణ్ణి.

మర్నాడు పొద్దున బట్టల కోసం వచ్చిన తులశమ్మ, వరదమ్మకు చెబుతుంటే విన్నాను. పచ్చకామెర్లట. పసిపిల్లలకు కాస్తో కూస్తో రావడం మామూలేనట గానీ దీనికి అరికాళ్ళ దాకా దిగాయట. ఇంకో రోజు ఆలస్యమైతే మెదడుకు ఎక్కేవని డాక్టరమ్మ మందలించిందట. కళ్ళకు గంతలు కట్టి, అద్దాలపెట్టెలో నీలి లైటు కింద పడుకోబెట్టారట. నీలి లైటు అన్న మాట విని నాకు ఎలాగో అయింది. నా కడుపులోనూ ఉన్నది అలాంటి నీలమే. పూత కింద దాచుకుని బంగారపు గొప్పలు పోయాను.

ఆ సాయంత్రం మోహనాచారి వచ్చాడు. గదిలో ఒక్కడే నా కింద కూర్చుని, అలవాటు కొద్దీ తన అరచెయ్యి చాపి చూసుకున్నాడు. ఊరందరి చేతా చెయ్యి పెట్టించి చూపించినవాడు, తన కూతురి దగ్గర ఆ పని చేయలేదు. నిద్రపోనీ అన్న తన మాటే తన చెవుల్లో తిరుగుతున్నట్టుంది, చాలాసేపు ఏడ్చాడు. నేను చూడలేకపోయాను, కానీ నాకు రెప్పలు లేవు. ఆ తరవాత లేచి కిటికీ సందుల్లోని గుడ్డలన్నీ పీకేసి, రెక్కలు బార్లా తెరిచి, నన్ను ఊడదీశాడు. తులశమ్మ నన్ను పెంటకుప్పలో పారేయమంది. గురవాచారి ఒప్పుకోలేదు. చూడాల్సిన చోట చూడని తప్పు మనది, దాన్నంటే ఏం లాభం అని, వంటింటి పక్కన భోజనాల గదిలో పెట్టమన్నాడు. అది కిటికీ లేని గది, పగలూ నా అవసరం ఉంటుంది. అన్నం కూరలకు కాస్త రంగు పూసినా ఎవరికీ ప్రమాదం లేదు.

రెండు రోజులు నీలి లైటు కింద ఉండి పిల్ల తిరిగొచ్చింది. రాగానే ఆకలికి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ వంటింట్లో తులశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తనూ ఏడ్చింది.

ఇరవై ఒకటో రోజున బారసాల. నా కింద ఆకులు వేసి పులిహోర, బూరెలు వడ్డించారు. ముసురు వెళ్ళిపోయి బయట ఎండ కాస్తోంది. భోజనం చేసి లేచిన వరదమ్మ, తులశమ్మ చేతుల్లోని పిల్లను దగ్గరగా చూడాలని తెరిచిన తలుపుల్లోంచి నాకు కనిపించే వీధరుగు మీదికి తీసుకెళ్ళి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల నలుపే, తండ్రి నలుపు. వరదమ్మ మొహంలో జాలి కనిపించింది.

"పురిట్లో చూసినప్పుడు బంగారంలా ఉంది. ఛాయ బాగా తగ్గిపోయిందే వదినా?"

భోజనాల గదిలో అందరూ తినడం ఆపారు. తొమ్మిది నెలలు కుంకుమపువ్వు పట్టించిన మనిషి ఏమంటుందోనని సుభాషిణి తలుపు దగ్గర నిలబడిపోయింది. తులశమ్మ పిల్లను వెనక్కి తీసుకుని భుజాన వేసుకుంది.

"తగ్గాలనే కదా వదినా, రెండు రోజులు ఆ అద్దాలపెట్టె ముందు దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాం," అంది.