వెనక వరుసలో మోకాళ్ళు

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ పళ్ళకు తీగలు కడతాడే డాక్టర్ లేన్ ఆల్‌రెడ్, ఆయన ఇంట్లో జరిగింది. అప్పటికి మీలో ఒకరు పుట్టలేదు, ఒకరు ఉయ్యాల దిగలేదు. ఆయన భార్య జెనీల్ మన వంటగదిలో కూర్చుని చెప్పింది. అలాగే మీకు చెబుతాను. ఆ ఫోన్లు కాసేపు అవతల పెట్టండి.

ఆల్‌రెడ్ల ఇంట్లో ఆదివారం ఉదయం ఎప్పుడూ ఒకేలా ఉండేది. చర్చి తొమ్మిదింటికి. ఎనిమిదీ నలభైకి ఎవరిదో ఒక బూటు కనిపించదు. ఇంకెవరో తెల్లచొక్కా మీద పాలు ఒలకబోసుకుంటారు. ఎలాగోలా నలుగురు పిల్లలూ పాత వ్యానులోకి ఎక్కాక, జెనీల్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి లెక్కపెట్టేది. పద్నాలుగేళ్ళ బ్రిన్లీ, పదకొండేళ్ళ పోర్టర్, ఎనిమిదేళ్ళ డాక్స్, ఐదేళ్ళ హ్యాటీ. పక్కన లేన్, తను. ఆరుగురు. ముందుకు తిరిగేది. బెల్టు పెట్టుకునేది. మళ్ళీ వెనక్కి తిరిగేది.

"ఆరుగురమే అమ్మా," అనేది బ్రిన్లీ. "నిన్నా ఆరుగురమే."

ఆరుగురే. కానీ ఒకరు తక్కువైనట్టుండేది.

మన స్పానిష్ ఫోర్క్‌లో తల్లులకు ఇది మామూలే. ఐదుగురిని కన్నావిడ కూడా భోజనాల దగ్గర గుమ్మం వైపు చూస్తుంది, ఇంకెవరో చేతులు కడుక్కుని రావాల్సి ఉన్నట్టు. అంటే పుట్టాల్సినవాళ్ళు ఎవరో ఇంకా ఎదురుచూస్తున్నారన్నమాట. అలా అనిపించిన ఏడాదిలోగా ఆ ఇంట్లో ఉయ్యాల మళ్ళీ అటక దిగుతుంది. దీన్ని ఎవరూ అబద్ధమనరు.

జెనీల్‌కి మాత్రం అది భయం. హ్యాటీ పుట్టినప్పుడు నెత్తురు ఆగలేదు. ఇంకో కాన్పు అంటే మనిషి దక్కదని డాక్టరు ఆమెకొకసారి, లేన్‌ని వరండాలోకి పిలిచి ఇంకోసారి చెప్పాడు.

పైగా ఆమెకు లెక్క అంటేనే భయం. ఏడుగురు పిల్లల్లో పెద్దది. చిన్నప్పుడు ప్రయాణాల్లో వాళ్ళ నాన్న బండి తీయబోతూ "జెనీల్, లెక్క" అనేవాడు. పదేళ్ళప్పుడు ఒకసారి, ఫిల్‌మోర్ దగ్గర పెట్రోలు బంకులో ఆగి బయల్దేరుతుంటే, వెనక సీట్లో పడేసి ఉన్న నీలం కోటును చూసి ఆరేళ్ళ చెల్లెలు రేవా అనుకుని లెక్కలో వేసింది. నలభై మైళ్ళు పోయాక కోటు కదలట్లేదని తెలిసింది. వెనక్కి వెళ్ళేసరికి రేవా బంకు మెట్టు మీద కూర్చుని చాక్లెట్ తింటోంది. ఆ ఇంట్లో ప్రతి పండక్కీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. జెనీల్‌కి ఎన్నడూ నవ్వు రాలేదు.

ఆ ఏడు అక్టోబరులో పాత వ్యాను తలుపు జరగడం మానేసింది. పిల్లలు కిటికీలోంచి దిగడం మొదలుపెట్టాక కొత్తది తప్పలేదు.

లేన్‌ మనసు ఒకదాని మీదే ఉంది. మూడు వరుసల పెద్ద బండి, వరుసకు రెండేసి విడి కుర్చీలు, మొత్తం ఆరు. వీపు పిసికే సీట్లు, గాజు పైకప్పు, లోపల కూర్చుంటే రోడ్డు చప్పుడు వినబడదు. అదే బండిలో ఇంకో రకం ఉంది. దానికి వెనక వరుసలో ముగ్గురు పట్టే బెంచీ, మొత్తం ఏడు. పిసకడాలూ గాజు పైకప్పూ లేవు. జెనీల్ రెండింటి బొమ్మలూ ఫ్రిజ్ మీద అంటించింది. వారం రోజులు కూరగాయలు తరుగుతూ చూసింది, గిన్నెలు కడుగుతూ చూసింది. ఒకటి తీసేసేది, మళ్ళీ అంటించేది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ షోరూముకు వెళ్ళారు. అమ్మేవాడు డెల్ నీల్సన్, పక్క వార్డు చర్చివాడే.

"కప్పులు పెట్టుకునే గూళ్ళు పదహారున్నాయి, సిస్టర్ ఆల్‌రెడ్," అన్నాడు గర్వంగా.

"ఆరుగురికి పదహారెందుకు బ్రదర్ నీల్సన్?"

"సోడా తాగేవాళ్ళకి తెలుస్తుంది."

ఆరు సీట్లదాంట్లో ఎక్కారు. అందరూ బెల్టులు పెట్టుకున్నారు. అద్దం కింద తెర మీద బండి బొమ్మ వచ్చింది. ఆరు సీట్లు, ఆరు పచ్చ దీపాలు. బండి కదిలింది. అప్పుడు ఏడో దీపం వెలిగింది, ఎర్రగా, వెనక వరుసలో రెండు కుర్చీల మధ్య, అసలు సీటే లేనిచోట. టింగ్, టింగ్ అని మోగడం మొదలుపెట్టింది.

"జరుగు," అన్నాడు పోర్టర్.

"నువ్వే జరుగు. నాకిక్కడ చోటేది?" అంది బ్రిన్లీ.

తిరిగొచ్చాక డెల్ కిటికీలోంచి తెర వైపు ఒకసారి చూసి తలూపాడు. "బండిలో లోపమేం లేదు. మీకు ఇంకొకరున్నారు, అంతే. మొన్న హ్యాన్సెన్ వాళ్ళకీ ఇలాగే మోగితే పెద్దది తీసుకున్నారు. సోమవారం దాకా ఏడు సీట్లది పట్టుకెళ్ళండి. నడిపి చూసి నిదానంగా చెప్పండి."

ఏడు సీట్లదాంట్లో దీపం తనకో చోటు చూసుకుంది, వెనక బెంచీలో ఎడమవైపు. లేన్ వెళ్ళి ఖాళీ సీటుకు బెల్టు బిగించాడు. మోత ఆగింది. ఇంటికొచ్చి తలుపు తీసేసరికి బెల్టు ఊడి వేలాడుతోంది. మళ్ళీ మోత.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఎదురింటి సిస్టర్ మార్వా బంగాళాదుంపల వంటకం ఒక చేత్తో, చిన్న పసుపు ఉన్ని టోపీ ఒక చేత్తో పట్టుకుని వచ్చింది. టోపీ నారింజపండంత ఉంది.

"ఎన్నో నెల?"

"ఏ నెలా కాదు మార్వా."

"సరే, ఉంచు. ఎప్పటికైనా పనికొస్తుంది," అని టోపీ టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

జెనీల్ ఆ టోపీని సొరుగులో పెట్టింది. తీసింది. ఉతికే బట్టల గదిలో పెట్టింది. మళ్ళీ తీసి, చేతిలో పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళింది. లేన్ కొత్త బండి ముందు ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఏడుది తీసుకుందాం," అంది.

"నాకు ఆరుదే కావాలి."

"వీపు పిసికించుకోవడానికి."

"అవును, వీపు పిసికించుకోవడానికే." బండి తలుపు మీద చెయ్యి వేశాడు. "హ్యాటీ పుట్టిన రోజు నీ చెయ్యి పట్టుకున్నాను కదా. అది చల్లబడుతూ వచ్చింది జెనీల్. ఆరు సీట్లదైతే అందులో నువ్వుంటావు. ఏడో సీటు నిండితే నీ సీటు ఖాళీ అవుతుంది. నాకు తెలిసిన లెక్క అదొక్కటే."

"మరి అక్కడ కూర్చున్నవాళ్ళని ఏం చెయ్యమంటావు? దింపేసి వెళ్ళిపోదామా?"

జవాబు బండి చెప్పింది, టింగ్ అని.

శనివారం ఉదయం ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. హ్యాటీని మధ్య వరుసలో ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని, పాలకని చెప్పి బండి తీసింది. పాలు కొనలేదు. చెరువు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. బడి చుట్టూ మూడుసార్లు తిరిగింది. వెనక టింగ్ టింగ్. ఎదురుచూస్తున్నది ఆడపిల్లో మగపిల్లాడో, ఏ మొహంతో వద్దనాలో తెలియక, బండిని మళ్ళీ చెరువు వైపు తిప్పింది.

"అమ్మా, ఆవిడని జరగమను," అంది హ్యాటీ.

"ఎవర్ని?"

"వెనకావిడని. మోకాళ్ళు గుచ్చుకుంటున్నాయి."

జెనీల్ బండి పక్కకు తీసి ఆపింది. దిగి వెనక తలుపు తెరిచింది. హ్యాటీ సీటు వీపున తోలు రెండు చోట్ల లోపలికి నొక్కుకుపోయి ఉంది, అరచెయ్యంత గుంటలు. వెనక బెంచీ ఎడమవైపు బాగా కిందికి దిగి ఉంది. పక్క అద్దం మీద ఊపిరి ఆవిరి గుండ్రంగా పట్టింది. అది జెనీల్ నిలబడితే ఆమె గడ్డం దగ్గరికొచ్చే ఎత్తులో ఉంది.

పుట్టని బిడ్డకు అంత మోకాళ్ళుండవు.

ఆమె ఆ గుంటల్లో ఒకదాంట్లో చెయ్యి పెట్టింది. పదిహేనేళ్ళ వయసులో తన వీపుకు ప్రతి ప్రయాణంలో గుచ్చుకున్నవి ఇవే. "కాళ్ళు ముడుచుకోవే" అంటే, "ముడిస్తే బయటికొస్తాయి, అంత పొడుగున్నాను" అనేది రేవా, పదకొండేళ్ళకే అక్కను మించిపోయి.

ఎనిమిదేళ్ళ కింద, థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర, ఇక చర్చికి రానని రేవా చెప్పింది. నాన్న లేచి, ఆమె ముందున్న పళ్ళెం తీసుకెళ్ళి గిన్నెలు కడిగే తొట్టిలో పెట్టాడు. జెనీల్ ఏమీ అనలేదు. మరుసటి ఏడు బల్ల సర్దింది జెనీలే. ఎవరూ చెప్పకుండానే ఒక పళ్ళెం తగ్గించింది. ఆ ఏడాది నెవాడాలోని ఈలీ నుంచి రేవా పంపిన క్రిస్మస్ కార్డుకు జవాబు రాయలేదు. కార్డు మాత్రం దాచింది.

ఇంటికొచ్చి, ఎదురుచూస్తున్నది రేవా అని లేన్‌తో చెప్పింది. లేన్ వెనక సీటు గుంటలు చూశాడు, ఆమె చేతిలో కార్డు చూశాడు. "ఎక్కండి," అన్నాడు పిల్లలతో.

ఈలీ నాలుగు గంటల దారి. డెల్టా అనే ఊరు దాటాక ఉప్పునేల, గడ్డి, ఆకాశం, అంతే. నాలుగు గంటలూ ఆ మోత. పోర్టర్ దానికి తగ్గట్టు చప్పట్లు కొట్టాడు. డాక్స్ చెవుల్లో బిస్కెట్లు పెట్టుకున్నాడు. జెనీల్ కార్డు మీద చిరునామా చదువుకుంటూనే ఉంది. అక్కడ లేకపోతే? తలుపు తియ్యకపోతే?

ఊరి చివర చక్రాల ఇల్లు. తలుపు తీసిన మనిషి గుమ్మమంత ఎత్తుంది. చేతిలో కాఫీ కప్పు, మన చర్చివాళ్ళు ముట్టని కాఫీ. అక్కను చూసింది, బండిని చూసింది, అద్దాలకు ముక్కులు ఆనించిన నలుగురు పిల్లల్ని చూసింది.

"అప్పుడు నలభై మైళ్ళు పోయాక చూసుకున్నారు," అంది రేవా. "ఈసారి ఎనిమిదేళ్ళు పట్టింది."

"లెక్క తప్పాను."

"అప్పుడు తప్పు కోటుదిలే."

"ఇది నాది. బల్ల సర్దింది నేనే."

రేవా కప్పులోకి చూసింది. "లోపలికి రండి. పిల్లలకివ్వడానికి కాఫీ తప్ప ఏం లేదు."

"నీళ్ళుంటే చాలు," అన్నాడు లేన్.

అందరూ ఆ ఇరుకు వంటగదిలో నిలబడ్డారు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఆసుపత్రి కాగితం ఒకటుంది. లేన్ చదివాడు. కింద ఒక గీత ఖాళీగా ఉంది. ఆపరేషన్ అయ్యాక రోగిని ఇంటికి తీసుకెళ్ళేవారి పేరు.

"ఎప్పటి నుంచి?"

"మార్చి నుంచి. చంకలో గడ్డ. రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ నేనే వద్దన్నాను. మత్తు దిగేలోగా ఒంటరిగా పంపరట. టాక్సీ పనికిరాదట. ఎవరిదైనా పేరు రాయాలట." కప్పు కింద పెట్టింది. "పనిలో వాళ్ళని అడిగితే వస్తారు. మీవాళ్ళు లేరా అని కూడా అడుగుతారు. దానికి ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను."

జెనీల్ ఆ కాగితం తీసి, ఫ్రిజ్‌కే ఆనించి, గీత మీద తన పేరు రాసింది. పక్కన బంధుత్వం అని ఉన్నచోట 'అక్క' అని రాసింది.

"మా ఊరు తీసుకెళ్తాం. అక్కడి డాక్టర్లు నాకు తెలుసు," అన్నాడు లేన్. "ఇవాళే."

రేవా ఒక సంచీ, ఒక ఫ్లాస్కు పట్టుకుని బయటికొచ్చింది. జెనీల్ ముందు తలుపు తెరిచి, "ఇక్కడ కూర్చో, కాళ్ళు పడతాయి," అంది.

"నా చోటు నాకు తెలుసులే," అని రేవా వంగి, దూరి, వెనక బెంచీలో ఎడమవైపు కూర్చుంది. మోకాళ్ళు ఆ రెండు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి.

హ్యాటీ వెనక్కి తిరిగి చూసింది. "ఇవే. పిన్నీ, కొంచెం జరుగు."

"ఎక్కడికి జరగను? ఇంతకంటే చిన్నదాన్ని కాలేను," అంటూ రేవా బెల్టు పెట్టుకుంది.

తెర మీద ఏడో దీపం పచ్చబడింది. బండిలో చప్పుడు లేదు. పోర్టర్ అలవాటు కొద్దీ ఇంకా చప్పట్లు కొడుతున్నాడు.

జెనీల్ వెనక్కి తిరిగి లెక్కపెట్టింది. ముందుకు తిరిగింది. మళ్ళీ తిరగలేదు.

సోమవారం డెల్ నీల్సన్ బండిలోకి తల పెట్టి గాలి పీల్చాడు. కాఫీ వాసన. మన ఊరి బండ్లలో ఆ వాసన ఉండదు. లేన్‌ని చూశాడు, పదహారో కప్పు గూట్లో ఫ్లాస్కును చూశాడు.

"దీన్నింక అమ్మకానికి పెట్టలేను, బ్రదర్ ఆల్‌రెడ్."

"పెట్టొద్దు," అన్నాడు లేన్. వీపు పిసికే సీట్ల బండి వైపు ఒక్కసారి మాత్రం చూశాడు.

గురువారం ఆపరేషన్ అయింది. ఇంకోసారి వాయిదా వేసి ఉంటే, అని సర్జన్ మొదలుపెట్టి, జెనీల్ మొహం చూసి ఆపేశాడు. రేవాని చక్రాల కుర్చీలో తీసుకొచ్చిన నర్సు, "ఇంటికి తీసుకెళ్ళేవారెవరు?" అని అడిగితే ఆరుగురూ చెయ్యెత్తారు. తర్వాత మందులకు రేవా జుట్టు రాలింది. సిస్టర్ మార్వా వచ్చి ఆ పసుపు టోపీ అడిగి తీసుకెళ్ళింది. దాన్ని విప్పి, ఇంకో రెండు ఉండల ఉన్ని కలిపి, పెద్ద తలకు సరిపోయేలా అల్లి తెచ్చింది. తలుపు దగ్గరే ఇచ్చి, "కాఫీ మటుకు నాకివ్వకు," అని చెప్పి వెళ్ళింది.

ఆ థాంక్స్‌గివింగ్‌కు బల్ల సర్దింది జెనీలే. ఏడు పళ్ళేలు. మీరు ఆ మధ్య ఆల్‌రెడ్ల బండిలో వెనక ఎడమవైపు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని వెళ్ళే ఆవిణ్ణి చూశారే, ఆవిడే రేవా.

రేపు మీకూ బండ్లుంటాయి. బయల్దేరే ముందు వెనక్కి తిరగండి. కోట్లను లెక్కపెట్టకండి, తలల మీద చెయ్యి వేసి లెక్కపెట్టండి. ఒకరు తగ్గినట్టు అనిపిస్తే ముందు పుట్టినవాళ్ళలో వెతకండి. ఇప్పుడు లేచి వెళ్ళి మీ చిన్నాన్న పిల్లలకు ఫోన్ చెయ్యండి, వాళ్ళు కూడా ఈ కథ వినలేదు. మీరు చెప్పండి.