పైవరుసలో నా చోటు

నేను ఒక కణాన్ని. చంద్రకళ అనే తొమ్మిదో తరగతి అమ్మాయి మూత్రాశయంలో, లోపలి గోడ పైవరుసలో ఉండేదాన్ని.

మొదట్లో నాకు పైనేదో కిందేదో తెలియదు. కింది వరుసల నుంచి జరుగుతూ పైకి వచ్చాను. అడుగున పట్టు దొరికింది. పక్కల పొరుగు కణాలు తగిలాయి. ఎవరూ తాకని వైపే నా ముఖమని అప్పుడు తెలిసింది. భుజాల దగ్గర పొరుగువాళ్లతో గట్టిగా పెనవేసుకున్నాను. మా సందుల్లోంచి మూత్రం చుక్క కూడా దిగకూడదు. నాలో తయారయ్యే సరుకులో ముఖానిది ముఖానికి, అడుగుది అడుగుకు పంపాలి. ఒకసారి సర్దితే సరిపోదు, బతికినన్నాళ్లూ అదే పని. భుజాల కట్టు సడలితే రెండూ కలిసిపోతాయి.

మనుషుల పట్టు ఇంత గట్టిది కాదు. చంద్రకళ బడిలో మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే స్నేహితురాలు బయట తలుపు లాగి పట్టుకోవాలి. చంద్రకళకు రమణి పట్టేది.

"ఎక్కడికీ పోకే."

"ఎక్కడికి పోతానే, నీ తలుపుకు నేనే గడియని."

ఒక రోజు చంద్రకళ లోపల ఉండగానే ఖోఖో మొదలైంది. రమణి పరుగెత్తింది. తలుపు బార్లా తెరుచుకుంది. ఎదురుగా కుళాయి దగ్గర మగపిల్లలు నవ్వారు. తర్వాత రమణి, "నేనక్కడే ఉన్నానే, గాలికి జారింది" అంది.

ఇక చంద్రకళ బడిలో నీళ్లు తాగడం మానేసింది. ఇల్లు చేరేదాకా బిగబట్టేది. మేం సాగగలం, అది మా పనే. కానీ కడిగే నీళ్లు లేక క్రిములు నా ముఖాన్ని పట్టుకున్నాయి. అలాంటప్పుడు గోడ పైవరుసను క్రిములతో సహా వదిలించుకుంటుంది. నేను నమ్ముకున్న పొరుగువాళ్లే పట్టు వదిలేశారు. గోడ బతకాలంటే తప్పదని తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోలేదు.

చంద్రకళ పరీక్షకిచ్చిన మూత్రంతో బయటికొచ్చి, ఇప్పుడు ఆస్పత్రిలో గాజుపలక మీద ఉన్నాను. పక్కలు లేవు, అడుగు లేదు. నా ముఖం ఎటుందో నాకే తెలియదు.

పరీక్ష చేసే ఆవిడ సూక్ష్మదర్శినిలోంచి తలెత్తి, "లోపలి పొర బాగా ఊడిందమ్మా. పిల్ల నీళ్లు తాగట్లేదా?" అంది.

"బద్ధకం మేడమ్ దీనికి. సీసా నింపి పంపితే నింపినట్టే తెస్తుంది" అంది వాళ్లమ్మ.

చంద్రకళ తల వంచుకుంది. రమణి పేరు చెప్పలేదు.

కాసేపటికి రమణే వచ్చింది, నీళ్లసీసాతో. "తాగవే. ఇకనుంచి తలుపు దగ్గర్నుంచి కదలను. ఒట్టు."

"ఆ రోజూ కదల్లేదన్నావుగా."

రమణి సీసా మూత తిప్పుతూ నిలబడిపోయింది. చంద్రకళ తన అమ్మ చేతిలోంచి నీళ్లగ్లాసు అందుకుని, అటు తిరిగి తాగింది.

ఆ నీళ్లు చేరే చోట ఇప్పుడు నేను లేను.