లేవకుండానే లేచిన చిప్పు

నేను ఒక చెక్‌పాయింట్‌ని. ఈ పేరు ఎప్పుడూ వినలేదా? నొచ్చుకోను లెండి, రోజూ నన్ను వాడుకునేవాళ్ళే నా గురించి ఆలోచించరు. హైదరాబాదులో చిప్పులు డిజైన్ చేసే ఒక ఆఫీసు సర్వర్‌లో, ఫైలుగా నా కాపురం.

అక్కడ చిప్పును అచ్చు వేయించే ముందు, కంప్యూటర్‌లో దాని నకలును నడిపించి చూస్తారు. ఆ నడిపించే ప్రోగ్రామే సిమ్యులేటర్. పేరు గొప్పదే కాని నడక నత్తది. నిజం చిప్పు కరెంటు తగలగానే లేచి పనిలో పడుతుంది. ఆ లేవడాన్ని బూటింగ్ అంటారు. సిమ్యులేటర్‌లో దానికే రోజులు పడతాయి. కోమలి అనే వరంగల్ ఇంజినీరు ఆ రోజులన్నీ ఓపిగ్గా కాచుకుని, చిప్పు లేచి కూర్చున్న క్షణంలో దాని మెమరీని ఉన్నదున్నట్టు దాచిపెట్టింది. అలా దాచిన మెమరీనే నేను.

ఇక చూడండి నా వైభవం! ఎవరు ఏ పరీక్ష పెట్టినా నా దగ్గర నుంచే మొదలు. టీ తాగి వచ్చేలోపు చిప్పు సిద్ధం. సుఖం మరిగిన మనిషి వెనక్కి చూస్తాడా? బూటింగ్ అనేది ఒకటుందనే మాటే మరిచిపోయారు.

ఆ చిప్పు దేనికనుకున్నారు? నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఊపిరి అందించే యంత్రానికి. ఆసుపత్రిలో కరెంటు రెప్పపాటు పోయి వస్తే, చిప్పు తనంతట తాను మళ్ళీ లేచి గాలి పంపాలి. లేవకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

నన్ను దాచాక డిజైన్ మార్చారు. చిప్పు లేచేటప్పుడు మెమరీని సర్దే భాగాన్ని చిన్నది చేశారు. మారిన చిప్పునూ నాతోనే నడిపించారు. నాకు గుబులు పట్టుకుంది. నాలో మెమరీ ముందే సర్ది ఉంటుంది మరి. కొత్త భాగానికి ఆ పని చేతనవునో కాదో నాకేం తెలుసు? పరీక్షలు మాత్రం అన్నీ పాసయ్యాయి.

అనుమానం కోమలికి వచ్చింది. "సార్, కరెంటు పోయి వచ్చినట్టు చేసి, ఒక్కసారి మొదటికెల్లి బూట్ చేసి చూద్దాం. డిజైన్ మార్చినంక ఎవ్వరూ చెయ్యలే," అంది మీటింగులో.

టీమ్ లీడ్ భానోజీరావుది విజయనగరం. "రోజులు పట్టేస్తాదమ్మా. బుధవారానికి డిజైన్ ఫ్యాక్టరీకి ఎల్లిపోవాల. చెక్‌పాయింట్‌తో అన్నీ పాసైపోనాయి కదా, ఇంకేటి? ఆలస్యం అమృతం విషం," అన్నాడు.

అందరూ తలలూపారు. తిలా పాపం తలా పిడికెడు. కోమలి మాత్రం మొండిది. ఖాళీగా ఉన్న మెషిన్‌లో, నన్ను ముట్టుకోకుండా, బూటింగ్ మొదలుపెట్టింది. అది సగంలో ఉండగానే డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఆఫీసులో స్వీట్లు పంచారు. కోమలికి అవి సయించలేదు.

మొదటిసారి చిప్పు లేచింది. కోమలి కరెంటు రెప్పపాటు తీసి ఇచ్చింది. ఈసారి తెరమీద ఒక లైను వచ్చి ఆగింది. ఎంత చూసినా రెండో లైను రాలేదు.

"సార్, లేస్తలేదు. కరెంటు పోయినప్పుడు మెమరీల మిగిలిన చెత్తను కొత్త భాగం సర్దలేక ఆడనే ఆగింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆపమనుండ్రి, ఇంకా అచ్చు మొదలుకాలే, టైముంది."

భానోజీరావు తెర చూశాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు, కాని నంబరు నొక్కలేదు. ఆపమంటే పైవాళ్ళకు జవాబు చెప్పాలి. "సెట్టింగేదో తప్పు పెట్టుంటావమ్మా. చెక్‌పాయింట్ నుంచి ఓసారి నడిపించు," అన్నాడు.

"దాంట్ల లేచినంక సంగతే ఉంటది సార్. లేచుడు ఉండదు."

"నడిపించమన్నాను కదా!"

నన్ను పిలిచారు. రానని అనే వీలు నాకు లేదు. చిప్పు చక్కగా పని చేసింది. తెరమీద పసిబిడ్డ ఊపిరి గీత లేస్తూ పడుతూ సాగిపోయింది.

"చూశావా, శుభ్రంగా ఉంది," అంటూ భానోజీరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. కోమలి ఆ గీతనే చూస్తూ నిలబడిపోయింది. నాకు తెలిసింది ఆమెకూ తెలుసు. ఆసుపత్రిలో కరెంటు పోయి వచ్చిన రోజున, ఆ బిడ్డ పక్కన నేనుండను.