ఖాళీ లారీ

సంజీవరావు బొమ్మ లారీని వెల్లకిలా పడుకోబెట్టి, సైకిలు పుల్లతో దాని వెనక చక్రాలు తిప్పే క్రౌను పళ్లలోకి గ్రీజు కూరుతున్నాడు. పక్కనే ఉయ్యాల. రూతు ఒక చెవి ఉయ్యాలకీ, ఒక చెవి మొగుడి రొమ్ముకీ అప్పగించి బియ్యం చెరుగుతోంది. పసిదాని ఊపిరి పిల్లి నడకలా వినీ వినిపించకుండా సాగుతుంది. ఆయనది అలా కాదు. పాత ఇంజనులా రెండు మూడుసార్లు గింజుకుని గానీ అందుకోదు.

ఆటోనగర్లో లారీల కింద పడుకుని బతికిన మనిషి. భుజాలు ఇప్పటికీ అంతే వెడల్పు. వాటి కింద ఒళ్లే కరిగిపోయింది. గోళ్ల చివర నలుపు మాత్రం ఏ సబ్బుకీ లొంగలేదు. పుష్కరాలు అయిన ఏడు గుండెలో కవాటం పాడైందన్నారు, బరువెత్తితే మీ ఇష్టం అన్నారు. షెడ్డులో పని పోయింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం వచ్చింది. వన్ టౌన్‌లో బొమ్మల కొట్టు గంగాప్రసాద్ గారు చెడిపోయిన రిమోటు బళ్లు ఇవ్వడం మొదలెట్టాకే మళ్లీ పొద్దున్నే లేచి మొహం కడుక్కోవడం, "నా పానా ఎక్కడ పెట్టావే" అని కేకేయడం. ఆ కేక ఆగిపోకూడదని రూతు రోజూ ప్రార్థన చేసుకునేది.

ఈ లారీతో చావొచ్చిపడింది. ఇంట్లో చక్కగా తిరుగుతుంది. కొట్లో జనం ముందు మలుపు తిప్పగానే బోల్తా కొడుతుంది. నిన్న గంగాప్రసాద్ గారే మళ్లీ పట్టుకొచ్చారు.

"రేపు సాయంత్రం వచ్చి చూస్తాను. ఈసారీ పడితే ఇక పంపనయ్యా. నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నారు, మెత్తగానే.

విశ్రాంతి అన్న మాటకి సంజీవరావు మొహం సున్నం కొట్టినట్టయింది.

ఇప్పుడు స్ప్రింగులు ఇంకాస్త బిగించాడు. పిల్ల పాత జుబ్బా గుడ్డలో బియ్యం మూటకట్టి లారీ తొట్టిలో వేసి తిప్పాడు. గదంతా తిరిగింది, తొణకలేదు.

"చూశావా? రాయిలా పోతోంది."

"ఎప్పుడూ బస్తా వేసే చూస్తారేంటండీ?"

"లోడెయ్యకుండా లారీని ఎవడు చూస్తాడే? షెడ్డులో నవ్వుతారు."

"షెడ్డులో నవ్వుతారు సరే. కొట్లో దీనిమీద బస్తా ఎవరేస్తారు?"

సంజీవరావు పానా కింద పెట్టాడు. మూట తీసి తిప్పాడు. మంచం కోడు దగ్గర లోపలి చక్రం గెంతింది. బోల్తా.

"ఓసినీ! ఇన్నాళ్లూ బరువుకి బిగిస్తన్నా. ఇది జన్మలో బరువు మొయ్యదు కదే!"

నవ్వాడు. నవ్వు దగ్గయింది. అది ఆగేదాకా రూతు చేట పట్టుకుని నిలబడే ఉంది.

"ఆసుపత్రికి పోదామండీ."

"ఇది తిరగనీ, పోదాం."

గ్రీజంతా కిరసనాయిలుతో కడిగాడు. దాని బదులు కుట్టుమిషను నూనె పోశాడు.

"మలుపులో బయటి చక్రానికి దూరమెక్కువ, లోపలిదానికి తక్కువ. రెంటినీ గ్రీజుతో కట్టేస్తే ఎట్టా? దేని దారిన దాన్ని పోనియ్యాలి" అన్నాడు, ఆమెకో తనకో.

స్ప్రింగులు సడలించాడు. బండి, గొడ్డు మోకాళ్లు వంచినట్టు, నేలకి దిగింది.

పొద్దు వాలేవేళ గోడకి జారబడి రిమోటు ఒళ్లో పెట్టుకున్నాడు. ఖాళీ లారీ బయల్దేరింది. మంచం కోడు చుట్టూ ఒరుసుకుంటూ తిరిగింది. పడలేదు. రూతు చప్పట్లు కొట్టబోయి, పిల్ల లేస్తుందని ఆగింది. మళ్లీ తిరిగింది. పడలేదు. ఉయ్యాల కిందికి దూరింది. ఇవతలికి రాలేదు.

"బ్యాటరీ అయిపోయిందాండీ?"

గదిలో ఒక్క ఊపిరే వినబడుతోంది. ఉయ్యాలలోది.

అంతా అయ్యాక లారీని గంగాప్రసాద్ గారు తీసుకెళ్లారు. కొట్లో అద్దాల ముందు తిరుగుతోందట, పడటం లేదట. పానాలు షెడ్డువాళ్లు అడిగి పట్టుకెళ్లారు. బియ్యం మూట కిటికీ గూట్లో ఉండిపోయింది. డబ్బా అడుగంటిన రోజున కూడా రూతు దాన్ని విప్పలేదు. పురుగు పట్టి గుడ్డలోంచి పిండి రాలుతోంది. ముడి మీద మాత్రం నల్లటి బొటనవేలి గుర్తు అలాగే ఉంది.