ఏ దేవునికి ఈ ఒక్కపొద్దు

"అమ్మా, ఇయ్యాల్టి సంది నేను గూడ నీతోని ఒక్కపొద్దు ఉంట" అన్నది దేవిశ్రీ.

పొద్దుగాల ఎనిమిదైతుంది. నేను పెనం మీద దోశెలు పోస్తున్న. మావయ్యకు మెత్తగుండాలె, మా ఆయన శ్యామ్‌కు ఎర్రగ కరకరలాడాలె, అత్తయ్యకు నూనె తగలొద్దు. శనివారం కాబట్టి నాకు దోశె లేదు. నా బిడ్డకు పదమూడేండ్లు. తలకు పోసుకొని, నెత్తికి తువ్వాల చుట్టుకొని, వంటింటి దర్వాజ కాడ నిలబడి నవ్వుకుంట చెప్పింది. నా చేతుల గరిటె ఆగిపోయింది.

నేను నోరు తెరిచేలోపల్నే మా అత్తయ్య అమ్మణ్ణి పూజగదిలకెల్లి వచ్చేసింది. పిల్ల మొఖం చుట్టు చేతులు తిప్పి మెటికలు విరిచింది. "నా తల్లే, నా బంగారమే! అచ్చం అమ్మ పోలికేనమ్మా. ఈ కాలంలో ఏ పిల్లకుంటుందీ ఇంత భక్తి?"

హాల్ల పేపర్ చదువుతున్న మావయ్య చలపతిరావు "శుభం" అన్నడు. శ్యామ్ ఫోన్లకెల్లి తలెత్తకుంటనే "మంచిదే, డిసిప్లిన్ వస్తుంది" అన్నడు. ఆ వెంబడే, "దోశె మాడుతోంది ప్రియా" అని గూడ అన్నడు.

అమ్మ పోలిక అంట! మాడిన దోశె గీకి చెత్తబుట్టల ఏసిన. నా ఒక్కపొద్దుల సంగతి ఈ ఇంట్ల నాకొక్కదానికే తెలుసు అనుకున్న ఇన్నేండ్లు.

మాది పుప్పాలగూడ. ఇప్పుడున్న బిల్డింగులు చూసి అది ఊరంటే ఎవరు నమ్మరు గని, నేను పుట్టినప్పుడు ఊరే. మా అమ్మ కిష్టమ్మ పళ్లెం నిండ బువ్వ పెట్టి "తిను బిడ్డా, తిన్నోళ్లే పని చేస్తరు" అనేది. బీఫార్మసీ చదివి మాదాపూర్‌ల మెడికల్ కోడింగ్ కొలువు పట్టిన. అదే బిల్డింగుల పై అంతస్తు కంపెనీల శ్యామ్. వాళ్లది తెనాలి. ప్రేమించి చేసుకున్న పెండ్లి, ఇంకొకరి మీద నెట్టేటట్టు గూడ లేదు.

పెండ్లయిన కొత్తల ఒకనాడు ఆఫీసుకెల్లి ఆకలితోని వచ్చిన. కొత్తగూడల ఇదే ఫ్లాటు, ఇదే టేబులు. అందరితోని కూసోని తినుకుంట రెండోసారి అన్నం పెట్టుకున్న. అత్తయ్య నా గరిటె దిక్కు చూసి నవ్వింది. "పెట్టుకో అమ్మా, పెట్టుకో. పొలం పనులు చేసుకునేవాళ్లింటి పిల్లవి, మా ఇంటి గరిటెలు నీకెక్కడ ఆనతాయి!" శ్యామ్ గూడ నవ్విండు. మావయ్య "తిననీయవే పాపం" అన్నడు. ఆ పాపం అనే మాట ఉన్నది చూడుండ్రి, అది నవ్వు కంటె ఎక్కువ తగిలింది. నోట్లున్న ముద్ద గొంతుల అడ్డం పడ్డది. నీళ్లు తాగి మింగిన. అది ఇప్పటికీ దిగలేదంటే నమ్ముతరా?

ఆ తర్వాత శ్యామ్ గూడ మొదలువెట్టిండు. టీమ్ పార్టీకి పోయొచ్చినంక కార్ల, "కొంచెం చూసుకుని తినొచ్చుగా ప్రియా, మావాళ్లంతా చూస్తున్నారు" అన్నడు. ప్రేమతోనే అన్నడనుకున్న. అన్ని ప్రేమతోనే అంటరు.

ఆ ఏడు కార్తీకంల అత్తయ్యతోని సోమవారం ఉపవాసం ఉన్న. పొద్దుమూకి ఆమె వాళ్ల చెల్లెతోని ఫోన్ల చెప్పంగ విన్న. "మా కోడలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదే. ఎంత నిష్ఠ అనుకున్నావ్!" ఆ ఇంట్ల నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. ఆ ఒక్కనాడు పళ్లెం ముంగట కూసునే బాధ తప్పింది. నా గరిటె దిక్కు ఎవరు చూడలే. అమ్మయ్య అనిపించింది. ఇగ సోమవారం శివునికి, గురువారం బాబాకు, శనివారం ఎంకన్నకు, నడుమల ఏకాదశులు, శ్రావణమాసం ఉండనే ఉండె. దేవిశ్రీ కడుపుల ఉన్నప్పుడు డాక్టరు తిట్లకు భయపడి తిన్న, అది పుట్టినంక మళ్ల మొదటికొచ్చిన. దేవుని దినం కానినాడు ఇంట్ల "ఆఫీసుల తిన్న" అంట, ఆఫీసుల "ఇంట్ల తిని వచ్చిన" అంట. రెండు దిక్కుల కడుపు నిండిన మనిషిని నేనొక్కదాన్నే.

ఒక్కపొద్దంటే పొయ్యి కాడ సెలవనుకునేరు. అందరికి వండుడు నాదే. ఉప్పు చూడకుండ గుత్తొంకాయ వండుడు నా అంత మంచిగ ఎవరికి రాదు. మా అమ్మొక్కతే మొత్తుకునేది. "ఎందుకే గిన్ని ఒక్కపొద్దులు? దేవుడు కడుపు నింపుతడు గని మాడుస్తడా?" నీకేం తెల్వదమ్మా అని ఫోన్ పెట్టేసేదాన్ని.

రెండేండ్ల సంది కడుపుల మెలిపెట్టే నొప్పి. గొంతుల ఎప్పుడు ఏదో అడ్డం పడ్డట్టే. స్కానింగులు, రక్తపరీక్షలు, నోట్లకెల్లి గొట్టమేసి చూసుడు, అన్నీ అయినయ్. అన్నీ నార్మల్. శ్యామ్ కార్ల కూసోని ఫైలు నా ఒళ్లె పడేసిండు. "చూశావుగా, ఏం లేదు. అంతా నీ బుర్రలోనే ఉంది. ఇంక మూలగటం ఆపు." నార్మల్ అన్నంక నొప్పి పోవాలె గద, పోలే. పోయిన నెల కొత్తగ చూసిన డాక్టర్ రోహిణి ఆ ఫైలు పక్కకు పెట్టింది. "రిపోర్టులు బాగున్నంత మాత్రాన నొప్పి లేదని కాదండి. మీకు నొప్పి నిజంగానే ఉంది. చెప్పుకోలేని బాధ ఒక్కోసారి ఒంట్లో ఇలాగే బయటపడుతుంది" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "కడుపునిండా అన్నం ఎప్పుడు తిన్నారు?" అని అడిగింది. నేను చెప్పేలోపల శ్యామ్ అందుకున్నడు. "మా ఇంట్లో తిండికేం లోటు లేదండి. తనకి కొంచెం పూజలెక్కువ, అంతే." ఆమె నా దిక్కే చూసింది. నేను తల ఊపిన. ఊపిన తలను ఇప్పుడు గోడకు కొట్టుకున్నా ఏం లాభం? మానసిక వైద్యుల కాడికి పొమ్మని చీటి రాసిచ్చింది. లిఫ్టుల శ్యామ్ దాన్ని నాలుగు మడతలు పెట్టిండు. "పిచ్చి డాక్టర్ దగ్గరికా? అపార్ట్‌మెంట్‌లో తెలిస్తే తలెత్తుకు తిరగగలమా?"

నా కొలువేందో చెప్తే మీరు గూడ నవ్వుతరు. అమెరికా దవాఖానల్ల డాక్టర్లు రాసిన కాయితాలు చదివి, ఏ రోగానికి ఏ నంబరో ఏసుడు. తిండి మానేసే రోగానికి ఒక నంబరు, రిపోర్టులు బాగుండి గూడ ఒళ్లు నొప్పి పెట్టే రోగానికి ఇంకొకటి. కండ్లు మూసుకొని ఏస్త. మొన్న ఒక పదిహేనేండ్ల పిల్ల చార్టు వచ్చింది. జుట్టు రాలుతుంది, నెలసరి ఆగింది, వీపు మీద సన్నటి నూగు మొలిచింది. ఒంట్ల కొవ్వు లేకపోతే చలి ఆపుకునేటందుకు పెయ్యే అట్ల నూగు పెంచుకుంటదంట. కింద తల్లి చెప్పిన మాట రాసిండు డాక్టరు: మా పిల్ల చాలా బుద్ధిమంతురాలు, దేనికీ సతాయించదు. చదివి నాకు మండింది. ఏం తల్లో ఇది, కండ్లు యాడ పెట్టుకున్నదో అని పక్క సీటామెతోని తిట్టుకుంట నంబరేసి పంపిన.

దోశెల పని ఒడిసినంక దేవిశ్రీ జడెయ్యమని దువ్వెన తెచ్చింది. అద్దం ముంగట కూసోబెట్టి తువ్వాల తీసిన. దువ్వెన పెట్టిన ప్రతిసారి ఉండలుండలు వచ్చింది జుట్టు. మెడ కాడ డ్రెస్ జరిగి కనవడ్డది. వెన్నుపూసలు ఒక్కొక్కటి తేలినయ్. వాటి మీద, పసిపిల్లల వీపు మీదున్నట్టు, సన్నటి నూగు.

రెండు నెలల సంది దీనికి నెలసరి రాలే. "ఈ వయసులో అటూ ఇటూ అవుతుందిలే" అన్నది అత్తయ్య. నేను సరే అన్న. మస్తు సులువుగ సరే అన్న.

"అమ్మా, ఒకటి అడగనా?" అన్నది అద్దంల నన్ను చూసుకుంట. "మధ్యాహ్నం మూడైతే కళ్లు తిరుగుతయ్ కదా. నువ్వేం చేస్తవ్?"

"నాకేం తిరగవు."

"తిరుగుతయ్. వంటింట్ల గట్టు పట్టుకుంటవ్, నేను చూసిన. వేడినీళ్లు తాగితే ఆకలి పోతది, అది నీ దగ్గరే నేర్చుకున్న. కానీ ఈ మధ్య నాకు పని చేస్తలేదు. ఇంకేమన్న ఉపాయం ఉందా?"

వంట ఎట్ల చెయ్యాలెనో తల్లిని అడిగినట్టు అడిగింది.

"స్కూలు డబ్బా ఏం చేస్తున్నవే?"

"యశస్వినికి ఇచ్చేస్త. వాళ్లమ్మ కన్న నువ్వే మంచిగ వండుతవంట."

"ఎన్ని దినాల సంది?"

"దసరా సెలవులయినంక."

నాలుగు నెలలు! పొద్దుగాల ఐదున్నరకు లేచి నేను కట్టిన డబ్బా నాలుగు నెలల సంది ఎవరి కడుపులకో పోతుంది, నేను ఖాళీ డబ్బా చూసి మురుస్తున్న. కోపమొచ్చింది, భయమైంది, ఏది ముందో చెప్పలేను. "చిన్నపిల్లవు, నీకెందుకే ఒక్కపొద్దు? దేవుడు అడిగిండా నిన్ను?" అని గట్టిగనే అన్న.

అది ఎనకకు తిరిగి నా మొఖంలకు చూసింది. "నిన్ను అడిగిండా అమ్మా? గురువారం బాబాకు అంటవ్, ఒక్కసారన్న గుడికి పోయినవా?" తర్వాత గొంతు తగ్గించింది. "నేను తింటే నాయనమ్మ 'అమ్మమ్మ పోలిక వస్తుంది జాగ్రత్త' అంటది. నువ్వు తినని రోజు అందరూ నిన్ను మంచిగ చూస్తరు. నాకు తెలుసమ్మా. నేనెవరికీ చెప్పను."

దొంగ ఇంకో దొంగకు భరోసా ఇచ్చినట్టు నా చెయ్యి పట్టుకొని ఒత్తింది. ఆ చెయ్యి ఎంత సల్లగున్నదో!

జడేసిన. వంటింట్లకు పోయిన. గుత్తొంకాయ, పప్పుచారు, గోంగూర. వండుతున్నంత సేపు ఒక్కటే మాట తిరిగింది నెత్తిల. దీనికి తిను అని నేను ఏ నోటితోని చెప్పాలె? తినని నోటితోనా? నేను తినందే అది తినదు. తినకపోతే నా బిడ్డ దక్కదు. ఇంత సక్కగున్నది లెక్క, గని తలుచుకుంటేనే గొంతు బిగుసుకుంటుంది. కూర ఉప్పు చూద్దామని చెంచ లేపి మళ్ల దించిన. రెండోసారి లేపి నాలిక మీద పెట్టుకున్న. ఉప్పు ఎక్కువైంది. ఇన్నేండ్లు ఎన్నిసార్లు ఎక్కువైందో, ఎవరన్నా చెప్తే గద.

ఒంటిగంటకు అందరు టేబులు కాడ కూసున్నరు. దేవిశ్రీ సోఫాల పుస్తకం పట్టుకొని ఉన్నది, పెదవులు పగిలి తెల్లగున్నయ్. అత్తయ్య గ్లాసెడు పాలు, అరటిపండు పట్టుకపోయింది. "ఫలహారం చేయొచ్చమ్మా, దోషం లేదు."

"వద్దు నాయనమ్మా. అమ్మ తినదు కదా."

"ఎంత పట్టుదలో చూడండి" అని మావయ్య దిక్కు తిరిగి మురిసింది అత్తయ్య.

రోజు నేను నిలబడి వడ్డిస్త. ఇయ్యాల పళ్లెం తెచ్చుకొని కుర్చీ గుంజుకున్న. మూడు గరిటెలు అన్నం పెట్టుకున్న, కూర ఏసుకున్న.

"ఇదేమిటమ్మా, శనివారం! మర్చిపోయావా?" అన్నది అత్తయ్య.

"మర్చిపోలే."

ముద్ద కలిపి నోట్ల పెట్టుకున్న. గొంతు మూసుకపోయింది. కడుపుల నొప్పి లేచింది, నెత్తి మీద చెమట పోసింది. కక్కుకుంటనేమో, ఇంతమంది ముంగట పరువు పోతదేమో అని వణికిన. దేవిశ్రీ సోఫాలకెల్లి లేచి వచ్చి నిలబడ్డది. దాని కండ్లు నా గొంతు మీదనే ఉన్నయ్. నమిలిన, నమిలిన, మింగిన. దిగింది.

"నేను ఏ దేవునికి ఒక్కపొద్దు లేను అత్తయ్యా. ఎన్నడు లేను. మీ ముంగట తినలేక మానేసిన."

మావయ్య చెయ్యి పళ్లెంల ఆగింది. అత్తయ్య మొఖం ఎర్రగయింది. "ఏం మాటలివి? నేనెప్పుడైనా నిన్ను తినొద్దన్నానా?"

"అనలే. తిన్ననాడు నవ్విన్రు, తిననినాడు మెచ్చిన్రు. నేను ఆ మెప్పుకే మరిగిన."

"దేవి ముందు ఏంటీ గొడవ?" శ్యామ్ పండ్లు పటపట కొరికిండు. "లోపలికి రా, మాట్లాడదాం."

"దేవి ముంగటనే మాట్లాడాలె."

"ఎందుకు చెప్పినవమ్మా!" దేవిశ్రీ గట్టిగ ఏడ్చింది. "నేను చెప్పనన్న కదా, నువ్వెందుకు చెప్పినవ్?" నేను దాని బట్టలు లాక్కున్నట్టే చూసింది నన్ను. లేచి దగ్గరికి తీసుకోవాలనిపించింది, కాళ్లు లేవలే. దానికి చూపించాల్సింది వేరే ఉన్నది. రెండో ముద్ద పెట్టుకున్న. ఇది ఇంకా నొప్పి పెట్టింది.

"సోమవారం సెలవు పెడుతున్న. దేవిని తీసుకొని డాక్టర్ రోహిణి కాడికి పోత. ఆమె ఎవరి కాడికి పంపితే వాళ్ల కాడికి పోతం, ఇద్దరం" అన్న శ్యామ్‌తోని.

అత్తయ్య పిల్లను పొదివి పట్టుకున్నది. ఆమెకు గూడ కండ్లల్ల నీళ్లున్నయ్, అది అబద్ధం కాదు. "నీకంటే కడుపునొప్పి, సరే. పసిదాన్ని ఎందుకమ్మా ఆస్పత్రుల చుట్టూ తిప్పటం? ఏమొచ్చిందని దీనికి?"

"నాకొచ్చిందే వచ్చింది అత్తయ్యా. నాకు మీరు నేర్పిన్రు, దానికి నేను నేర్పిన."