ఓబులమ్మ సంతకం

పెనుకొండకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రబండపల్లిలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మొదట పోయేది డాక్టరు దగ్గరికి కాదు, రామచంద్రయ్యశెట్టి అంగడికి. బియ్యం, బెల్లం, నూనె అమ్ముకునే ఆయన దగ్గర మందేమీ లేదు. కానీ హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్సులోకి నేరుగా నడిచిపోగల మనిషి ఊళ్లో ఆయనొక్కడే. ఆపరేషనుకు సర్కారు సాయం రావాలంటే ఎమ్మెల్యే ఉత్తరం కావాలి. ఎమ్మెల్యే ఉత్తరం రావాలంటే రామచంద్రయ్య కావాలి.

తొంభై అయిదు నుంచి ఇదే వరస. ధర్మవరంలో రైలెక్కి, సొంత ఖర్చు పెట్టుకుని, ఆయన ఎన్నిసార్లు హైదరాబాదు పోయాడో ఆయనకే తెలియదు. కొన్ని పనులు అయ్యేవి. కొన్ని అయ్యేలోపల రోగి పోయేవాడు. అయినా ఆయన తిరగడం మానలేదు. ఊరు కూడా ఆ రుణం మరచిపోలేదు. ఆయన చూపించిన గుర్తు మీదే ఓట్లు పడేవి. అంగడి అరుగు మీద పొద్దున్నే నలుగురు కూర్చుని ఉంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ నలుగురికీ కాఫీ ఇచ్చేది మాత్రం ఆయన భార్య ఓబులమ్మ.

రెండువేల ఆరులో అలా అరుగు మీదికి వచ్చిన వాళ్లలో రోషన్‌బీ ఒకతె. ధర్మవరం పట్టుచీరలకు కుచ్చులు కట్టి ఇస్తుంటుంది. భర్త ఖాదర్‌వలి సైకిలు మీద ఊరూరా స్టీలు సామాను అమ్ముతాడు. వాళ్ల ఎనిమిదేళ్ల కూతురు నౌషీన్ గుండెలో రంధ్రముందని తేలింది. నాలుగడుగులు పరుగెత్తితే ఆ పిల్ల పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేవి. రామచంద్రయ్య వెంటనే కాగితాలు పట్టుకుని పోయాడు. పదకొండు నెలలు గడిచాయి. అడిగినప్పుడల్లా ఫైలు పైన ఉందన్నారు.

ఆ తర్వాతి ఏడు ఆరోగ్యశ్రీ వచ్చింది. తెల్లకార్డు ఉంటే చాలు, గుండె ఆపరేషను ఉచితమన్నారు. మొదట మొదలైన జిల్లాల్లో అనంతపురం కూడా ఉంది. రామచంద్రయ్య నమ్మలేదు.

"ఇట్లాంటివి శానా చూసినాం లేప్పా" అన్నాడు అంగట్లో.

ఒకరోజు ఆయన తూకం వేస్తూ తలెత్తి చూస్తే, వీధిలో నౌషీన్ తొక్కుడుబిళ్ల ఆడుతోంది. ఒంటికాలి మీద గెంతుతోంది. పెదవులు పెదవుల రంగులోనే ఉన్నాయి. ఆయన తక్కెడ వదిలేసి బయటికొచ్చాడు. గోడ నీడన రోషన్‌బీ నిలబడి ఉంది.

"ఏమమ్మా, పాప గెంతుతాండాదే! పడిపోతాదేమో చూడు."

"ఏం కాదన్నా, ఆడుకోనీమన్నారు. ఆపరేషనై రెండు నెలలాయె, ఇన్నాళ్లూ మాయమ్మ ఊర్లో ఉండి నిన్ననే వస్తిమి. హిందూపురంలో క్యాంపు పెట్టింటే కార్డు ఎత్తుకొని పోతి. ఆడ్నే చూసి హైదరాబాదుకు రాసిచ్చిరి."

రామచంద్రయ్య కళ్లు చెమ్మగిల్లాయి. పిల్ల తల మీద చేయి వేసి, అంగట్లోంచి గుప్పెడు బెల్లం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ దాని అడుగున ఇంకోటి కలుక్కుమంది.

"నాకొక మాట చెప్పింటే నేనూ వచ్చేవాణ్ణి గదమ్మా."

"చెబ్దామనే అనుకుంటినన్నా. వాళ్లు ఉత్తరం అడగనేలేదు" అంది రోషన్‌బీ, ఏ కల్మషమూ లేకుండా.

ఆ తర్వాత అరుగు ఖాళీ అవుతూ వచ్చింది. జనం ఇప్పుడు రోషన్‌బీ ఇంటికి పోతున్నారు. క్యాంపు ఏ రోజు, ఏ బస్సెక్కాలి, ఆసుపత్రిలో రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఎక్కడ, కార్డులో పేరు తప్పుంటే ఏ ఆఫీసుకు పోవాలి, ఇవన్నీ ఆమెకు తెలుసు. కుచ్చులు కడుతూనే చెప్పేది. మగ్గం మీద కూర్చోలేకపోతున్న పుల్లన్నను ఆమే వెంట తీసుకుపోయి గుండెకు ఆపరేషను చేయించింది. ఆ ఇల్లు మగ్గం అమ్ముకోకుండా నిలబడింది. మూడు నెలలకు పుల్లన్న మళ్లీ నేతకు కూర్చున్నాడు.

రామచంద్రయ్య అరుగు మీద కాఫీ గ్లాసులు బోర్లించే ఉండేవి.

రెండువేల ఎనిమిదిలో సర్పంచిగా ఉన్నామె టీచరు ఉద్యోగం రావడంతో రాజీనామా చేసింది. ఉపఎన్నిక వచ్చింది. పదవి ఆడవాళ్లకు కేటాయించినది కనుక రామచంద్రయ్య ఓబులమ్మ చేత నామినేషను వేయించాడు.

"నాకేం తెలుసయ్యా సర్పంచిగిరీ?" అందామె.

"నీకేం తెలియాల్సిన పని లేదు. సంతకం పెట్టు చాలు. తక్కింది నేను చూసుకుంటా."

అవతలి పార్టీ నాయకుడు చౌడప్ప ఇన్నేళ్లలో ఒక్కసారీ శెట్టి మీద గెలవలేదు. ఈసారి తెలివిగా రోషన్‌బీ ఇంటికి పోయాడు. ఆమె ముందు ఒప్పుకోలేదు. రెండోరోజు మళ్లీ పోతే ఒక మాట అంది.

"గెలిస్తే నీ మాటా వినను, శెట్టన్న మాటా వినను. మనూరి సబ్‌సెంటరు తలుపు తీయించాల. దానికి సరేనంటే నిలబడతా."

చిన్న జబ్బులకు ఊళ్లోనే మందులివ్వడానికి ఏడేళ్ల క్రితం సర్కారు కట్టిన ఒక గది అది. మంజూరైన నర్సు పోస్టు భర్తీ కాలేదు. తాళం పడింది. చౌడప్ప సరేనన్నాడు, గెలిచాక చూసుకుందాంలే అనుకుని.

ప్రచారం మొదలైంది. రామచంద్రయ్య ముందు నడిచేవాడు, ఓబులమ్మ వెనక. హనుమక్క అనే కూలి చేసుకునే ఆమె ఇంటి ముందు ఆగి ఆయన దండం పెట్టాడు.

"ఓబులక్కా, నువ్వు గెలిస్తే ఏం చేస్తావు?" అని హనుమక్క అడిగింది.

"సిమెంటు రోడ్డు వేయిస్తాం" అన్నాడు రామచంద్రయ్య.

"నిన్ను కాదన్నా, అక్కను అడుగుతాండా."

ఇంటికొచ్చినా ఆ ప్రశ్న ఓబులమ్మను వదల్లేదు. మర్నాడు చీర కుచ్చుల మిష మీద రోషన్‌బీ ఇంటికి పోయింది. పోటీలో ఉన్నది వాళ్లిద్దరే. చూసిన పక్కింటివాళ్లు నోళ్లు తెరిచారు.

"ఏంటికి నిలబడితివమ్మీ?" అని సూటిగా అడిగింది ఓబులమ్మ.

రోషన్‌బీ చేతిలో దారం ఆపలేదు. "గుండెకు కార్డుండాదక్కా. జరమొస్తే ఏముండాది? హనుమక్క కూతురికి నెలలు నిండినాయి. రక్తం లేదంటాండారు. మాత్రల కోసం కూలి పోగొట్టుకొని పెనుకొండకు పోవాల. ఆ గదిలో వారానికి రెండు దినాలు నర్సమ్మ కూచుంటే చాలు. పెద్ద జబ్బు అయ్యేదాకా కాచుకొనేదేంటికి?"

ఆ గదిలో ఇప్పుడు ఏముందో ఓబులమ్మకు బాగా తెలుసు. తన మొగుడి వేరుశనక్కాయల మూటలు.

ఉపసంహరణకు ఆఖరి రోజు. రామచంద్రయ్య సరుకు కోసం హిందూపురం పోయాడు. ఓబులమ్మ తల దువ్వుకుని, జరీ అంచు చీర కట్టుకుని, పదిన్నర బస్సుకు పెనుకొండ మండలాఫీసుకు పోయింది. ఎన్నికల అధికారి కళ్లద్దాల మీంచి చూశాడు.

"విత్‌డ్రాయలా? మీ ఆయన రాలేదామ్మా?"

"నామినేషను మీద సంతకం యెవరిది సార్?"

"మీదే."

"అయితే ఆయనతో ఏం పని? కాగితం ఈండి."

గుండ్రంగా రాసింది. ఓబులమ్మ. మూడు గంటలకు రోషన్‌బీ ఏకగ్రీవంగా సర్పంచి అయిందని నోటీసు అంటించారు.

సాయంత్రం బస్సు దిగిన రామచంద్రయ్యకు వార్త బస్టాండులోనే తగిలింది. ఇంటికొచ్చేసరికి ఓబులమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఊర్లో నన్ను తలెత్తుకోనీకుండా చేస్తివే!"

"కూచో. నీళ్లు తాగు." చెంబు చేతికిచ్చింది. "పదమూడేండ్లు రోగాల కోసం హైదరాబాదు తిరిగితివి. నీ మంచితనం నాకు తెలీదా? యాడో ఉన్న తలుపులన్నీ తట్టితివి. మన వీధిలో ఉన్న తలుపుకు మాత్రం మన బీగమే వేసుకుంటిమి."

ఆ రాత్రి రామచంద్రయ్య అన్నం సరిగా తినలేదు. మూడోరోజు పొద్దున కూలీలను పిలిచి, గదిలోని మూటలన్నీ తన ఇంటి వసారాలోకి మోయించాడు. తనే గది ఊడ్చబోతే హనుమక్క చీపురు లాక్కుంది.

"ఏమప్పా, శెట్టి చీపురు పట్టె, వాన వస్తాదేమో!" అని ఎవరో అన్నారు. అందరితో పాటు ఆయన కూడా నవ్వేశాడు.

నర్సు పోస్టు అంత తొందరగా రాలేదు. రోషన్‌బీ అర్జీ మీద అర్జీ పెట్టింది. ఏ ఆఫీసులో ఏ గుమాస్తా దగ్గర కాగితం ఆగుతుందో రామచంద్రయ్యకు తెలుసు. అడక్కుండానే వెంట పోయాడు. లోపల మాట్లాడింది మాత్రం ఆమే. చౌడప్ప తనను ఎవరూ పిలవలేదని కొన్నాళ్లు అలిగి, చివరికి గదికి తన ఖర్చుతో సున్నం కొట్టించాడు. గోడ మీద తన పేరు రాయించుకుంటానంటే రోషన్‌బీ ఒప్పుకోలేదు.

దసరా దాటాక ప్రత్యూష అనే నర్సు వచ్చింది. మంగళవారం, శుక్రవారం. హనుమక్క కూతురు అప్పటికే పెనుకొండలో కాన్పై, ఆడపిల్లను ఎత్తుకుని మొదటి టీకాకు వచ్చింది.

మరుసటి ఏడు అసెంబ్లీ ఎన్నికలప్పుడు రెండు పార్టీల జీపులూ ఎర్రబండపల్లికి వచ్చాయి. ఆరోగ్యశ్రీ ఉంటుందని ఒకరు, ఇంకా పెంచుతామని ఒకరు. ఆడవాళ్లు జీపులను సబ్‌సెంటరు ముందే ఆపారు. "అది సరేనప్పా. వారానికి రెండు దినాలను ఆరు దినాలు చేసేదెవరు? అది చెప్పి ముందుకు పోండి." ఒక అభ్యర్థి చెమట తుడుచుకుంటూ చేతిరాతతో కాగితం మీద హామీ రాసిచ్చాడు. రెండోవాడు అది తెలిసి తనూ రాసిచ్చాడు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం ఓబులమ్మ మొగుణ్ణి బలవంతంగా తీసుకుపోయి వరసలో నిలబెట్టింది. ప్రత్యూష ఆయన చేతికి పట్టీ చుట్టి, రెండుసార్లు చూసి, కనుబొమలు ఎగరేసింది.

"బీపీ బాగా ఎక్కువుండాది పెద్దాయనా. ఊరగాయ, అప్పడాలు పూర్తిగా మానేయాల."

"రోంత కూడా వద్దా?" అన్నాడు రామచంద్రయ్య దీనంగా.

"రోంత కూడా" అని వెనక నుంచి ఓబులమ్మే జవాబిచ్చింది. మాత్రల పొట్లం తీసుకుని కొంగున ముడేసుకుంది.